మరచెంబులో మా బావి నీళ్ళు

సూర్యాపేటలో నన్ను చూసే డాక్టరు నా దగ్గర చదువుకున్న పిల్లలకంటే చిన్నవాడు. ఈ వేసవిలో మిర్యాలగూడకు ఒక పెళ్ళికి పోవాలని చెప్పగానే పెన్ను కింద పెట్టి, పోక తప్పదా అని అడిగాడు. తప్పదన్నాను. అయితే పన్నెండు దాటాక బయట అడుగు పెట్టొద్దని, దాహం ఉన్నా లేకున్నా గంటకోసారి నీళ్ళు తాగాలని, అవి కూడా ఇంటి నుంచి తీసుకుపోయినవే అయి ఉండాలని చెప్పాడు. పెళ్ళిళ్ళ కాలంలో తన దగ్గరికి వచ్చే వాంతులు, విరేచనాల్లో ఎక్కువ భాగం నీళ్ళ వల్లనేనట. చివరికి "బయటి నీళ్ళు మాత్రం ముట్టుకోవద్దమ్మా" అన్నాడు. మా ఇంట్లో నాలుగు తరాలుగా ఎవరూ ముట్టుకోలేదని చెప్పాను. అతను దాన్ని నా జబ్బు వివరాల్లో రాసుకున్నాడో లేదో తెలియదు.

ఇంటికి వచ్చి బీరువా మీది నుంచి మరచెంబు దింపించాను. ఇత్తడిది. శేరున్నర నీళ్ళు పడతాయి. మూత మర అరిగిపోయింది. మూడు చుట్లు తిప్పి, చివరి చుట్టు దగ్గర అరచేత్తో ఒక దెబ్బ వేస్తే తప్ప బిగుసుకోదు. ఆ దెబ్బ ఎక్కడ వేయాలో నాకు తప్ప ఇప్పుడు భూమ్మీద ఎవరికీ తెలియదు. చింతపండుతో తోమించి, మూత తెరిచి వాసన చూశాను. పాత ఇత్తడి వాసన, దాని వెనక ఎక్కడో తడిసిన వట్టివేళ్ళ వాసన. రెండోది చెంబులో ఉండే అవకాశం లేదు. నా ముక్కులోనే ఉండి ఉంటుంది.

మాది ఒకప్పుడు దొరల ఇల్లు, గడి అనేవాళ్ళు. నడిగూడెం దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. పేరు రాయను, అక్కడ మాది అని చూపించడానికి ఇప్పుడు ఒక గోడా, ఒక పూడిన బావీ తప్ప ఏమీ లేవు, వాటిని చూడటానికి ఎవరూ శ్రమపడి పోవద్దు. మా తాత కాలానికే భూములు చాలావరకు పోయాయి. కొన్ని చట్టం తీసుకుంది, కొన్ని కోర్టులు తీసుకున్నాయి, మిగిలినవి మా చిన్నతాతలు తమ సరదాల కోసం తీసుకున్నారు. ఎవరి మీదా ఫిర్యాదు లేదు. నాకు బుద్ధి తెలిసేనాటికి గడిలో సగానికి పైకప్పు లేదు, వంటింట్లో వంటవాడు లేడు, గుర్రాల కొట్టంలో గుర్రం లేదు. నియమాలు మాత్రం ఒక్కటీ పోలేదు. వాటిని స్వాధీనం చేసుకునే చట్టం ఏదీ రాలేదు.

ఆ నియమాల్లో పెద్దది నీళ్ళ నియమం. మా ఇంటివాళ్ళు మా బావి నీళ్ళు తప్ప తాగరు. బంధువుల ఇంట్లో భోంచేయవచ్చు, పడుకోవచ్చు, ఆ ఇంటికి పిల్లనివ్వవచ్చు, నీళ్ళు మాత్రం తాగకూడదు. మజ్జిగ తాగవచ్చు. మజ్జిగ నీళ్ళు కాదన్నది మా ఇంటి తీర్పు. దాని మీద పై కోర్టు లేదు. పూర్వం తాత ఏ ఊరికి పోయినా ఒక మనిషి కావడిలో రెండు బిందెల మా బావి నీళ్ళు మోసుకుంటూ ముందు నడిచేవాడట, ఇంకొక మనిషి వెనక గొడుగు పట్టేవాడట. నేను పుట్టేనాటికి వాళ్ళలో ఒకరు కోదాడ రైసు మిల్లుకు, మరొకరు తన సొంత ఎకరంలోకి వెళ్ళిపోయారు. వెళ్ళిపోవడమే సరైన పని. అప్పుడు మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు గనక ఇప్పుడు నేను రాస్తున్నాను. కావడి పోయి మరచెంబు మిగిలింది.

ఈ నియమం ఎక్కడి నుంచి వచ్చిందంటే ఇంట్లో రెండు సమాధానాలు ఉండేవి. తాతనడిగితే, "నీళ్ళల్ల గూడ ఖాన్‌దాన్ ఉంటది బిడ్డా" అనేవాడు. నాయనమ్మనడిగితే పొయ్యిలో కట్టె ముందుకు తోసి, తన అత్తగారు చెప్పిన మాట చెప్పేది. మా ముత్తాత రోజుల్లో ఒక ఎండాకాలం పెళ్ళికి పోయి వచ్చిన ముగ్గురు వారం తిరగకుండా గత్తర తగిలి, వాంతులూ విరేచనాలతో పోయారట. అప్పటి నుంచి మా ఇంటి ఆడవాళ్ళు ఎవరు ఊరికి పోయినా కాచి చల్లార్చిన నీళ్ళు కట్టి పంపడం మొదలుపెట్టారు. అంటే మొదట అది భయం. మగవాళ్ళు దాన్ని మోసుకుంటూ నాలుగు ఊళ్ళు తిరిగేసరికి గొప్పతనం అయింది. నాయనమ్మ ఈ సంగతి తాత ముందు ఎన్నడూ చెప్పలేదు. కాచి చల్లార్చడం కూడా మానలేదు.

బడికి సెలవులిచ్చిన రోజే నాయనమ్మ బడి మొదలయ్యేది. మొదటి ఆదివారం పొద్దున్నే పరగడుపున ఆముదం. వెండి గిన్నె అప్పటికి అమ్ముడైంది గనక ఇత్తడి గిన్నెలోనే, కానీ వెండి గిన్నెలో ఇచ్చినట్టే ఇచ్చేది. ఆ రోజంతా చారన్నం తప్ప ఏమీ ఉండేది కాదు. మరునాటి నుంచి పొద్దున జొన్న అంబలిలో పుల్లమజ్జిగ, నంజుకోవడానికి ఉల్లిగడ్డ. నడినెత్తిన ఆముదం, అరికాళ్ళకు గోరింటాకు. మామిడిపళ్ళు తెల్లవారక ముందే గంగాళంలో నీళ్ళలో పడేవి. మనిషికి రెండు, మూడోది అడిగితే సెగగడ్డలు లేస్తాయని చెప్పి, లేచినవాళ్ళ పేర్లు ఇంటి పేర్లతో సహా వినిపించేది. పదకొండు గంటలకు తలుపులు మూసి, దర్వాజాలకు వట్టివేళ్ళ తడికలు దింపేవాళ్ళం. వాటి మీద నీళ్ళు చల్లడానికి ఒకప్పుడు ఒక మనిషి ఉండేవాడు. తరువాత ఆ పని నాకు వచ్చింది. బయట వడగాలి గోడలను గోకుతుంటే లోపల చీకట్లో ఆ తడి వాసన పీలుస్తూ మట్టి రంజన్‌లోని నీళ్ళు తాగడం ఉంది చూశారా, దాని తరువాత నేను ఎన్నో చల్లని గదుల్లో కూర్చున్నాను, అది వేరు.

ఇంట్లో ఈ బడికి లొంగనివాడు తాత ఒక్కడే. ఎండకు భయపడటం ఎండకు మర్యాద ఇవ్వడమని ఆయన అభిప్రాయం. మే నెలలో కూడా పెళ్ళికి పోవాలంటే నల్ల షేర్వానీ, మెడ వరకు గుండీలు, తలపాగా. కుర్చీలో వీపు ఆనించేవాడు కాదు. నలుగురిలో విసనకర్ర పట్టేవాడు కాదు. వడదెబ్బ తగలకుండా పొలాల్లో పనిచేసేవాళ్ళు, గొర్లు కాసేవాళ్ళు జేబులో ఉల్లిగడ్డ వేసుకుని తిరిగేవాళ్ళు. మా చుట్టాల్లో చదువుకున్నవాళ్ళు కూడా వేసుకునేవాళ్ళు. దొర జేబులో ఉల్లిగడ్డ ఏందని తాత ఒకే ఒక్కసారి అన్నాడు. నాయనమ్మ సూదీ దారం తీసింది. షేర్వానీ లోపల, వీపు భాగంలో, అస్తరు విప్పి చిన్న సంచి కుట్టింది. పెళ్ళికి బయలుదేరే ప్రతిసారీ దాన్లో ఒక ఉల్లిగడ్డ పెట్టి, పైన కాస్త అత్తరు రాసేది. ఆ షేర్వానీ ఇప్పటికీ నా దగ్గర ఉంది, ఆ సంచీ ఉంది. గుప్పెడంత ఉల్లిగడ్డ భుజాల మధ్య గుచ్చుకుంటుంటే ఏ మనిషికైనా తెలియకుండా ఉండదు. తాతకు తెలియలేదు. బహుశా ఆయన కుర్చీకి వీపు ఆనించకపోవడానికి సగం కారణం అదే అయి ఉంటుంది.

నాకు పదేళ్ళు ఉన్న వేసవిలో మొదటి పెళ్ళికే తాత కోదాడలో పడిపోయాడు. పందిట్లో నిలబడి ఎవరితోనో మాట్లాడుతూ ఉన్నవాడు అలాగే మాట ఆపి, మెల్లగా, ఎంతో మర్యాదగా కూలబడ్డాడట. దవాఖానలో రెండు రోజులు ఉంచారు. అక్కడి డాక్టరు నాయనమ్మను పక్కకు పిలిచి, ఈసారి బతికిండు, మళ్ళ ఎండ తగిలితే నా చేతుల ఉండదు అని చెప్పాడు. పది రోజులు గడవకముందే దామరచర్ల అవతలి పల్లెలో మా మేనత్త ఆడబిడ్డ కూతురి పెళ్ళి వచ్చింది. పోవద్దని చెప్పగలిగినవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. మేము పెళ్ళికి రాకపోతే, మంచం పట్టాడని కాదు, ఇల్లు ఖతమైందని అనుకుంటారు. తాత చనిపోవడానికి సిద్ధంగా ఉన్నాడు గానీ ఆ మాట పడటానికి సిద్ధంగా లేడు.

మా నాన్న హైదరాబాదులో చిన్న ఉద్యోగంలో ఉండి సెలవు దొరకక రాలేదు. మగపిల్లలు లేరు. అందువల్ల నన్ను పంపారు. బయలుదేరే ముందు నాయనమ్మ నన్ను వంటింటి వెనక్కి తీసుకుపోయి, నిండిన మరచెంబు నా చేతుల్లో పెట్టింది. మూత ఎక్కడ కొట్టాలో చూపించింది. తరువాత నా గదమ పట్టుకుని మొహం పైకెత్తింది.

"మీ తాత నోరు తెరిచి నీళ్ళు అడగడు. అడగకముందే నువ్వియ్యాలె. పెదవులు తెల్లగైతే ఇయ్యి, అడుగు తడబడితే ఇయ్యి. చెంబు గీడికి వచ్చేదాంక నీ చేతులనే ఉండాలె. అర్థమైందా? మనిషిని ఎట్ల తీస్కపోతున్నవో గట్లనే తెచ్చి నాకు అప్పజెప్పాలె."

అర్థమైందన్నాను. పదేళ్ళ పిల్లకు ఒక పెద్దమనిషి ప్రాణం అప్పగించడం ఈ రోజుల్లో తప్పనిపిస్తుంది. అప్పుడు నాకు గర్వంగా ఉండింది. ఆ ఇంట్లో నాకు ఇచ్చిన మొదటి ఆస్తి అది.

కోదాడ నుంచి మిర్యాలగూడ బస్సు ఎక్కాం. తాత ముందు సీట్లో వీపు ఆనించకుండా, ఒక్క కుదుపుకూ చెదరకుండా కూర్చున్నాడు. నా తొడ మీద చెంబు. హుజూర్‌నగర్ దాటేసరికి బస్సు రేకులు చేత్తో తాకలేనంత కాలాయి. ఆ పొద్దున నేను ఆవకాయతో సద్దన్నం కొంచెం ఎక్కువే తిన్నాను. మిర్యాలగూడ బస్టాండులో రెండో బస్సు కోసం గంటకు పైగా నిలబడాల్సి వచ్చింది. మా ఎదురుగా ఒక నల్లా ఉంది. జనం దోసిళ్ళు పట్టి తాగుతున్నారు, మొహాలు కడుక్కుంటున్నారు, పిల్లల నెత్తి మీద పోస్తున్నారు. నాకు నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. నల్లా దగ్గరికి నాలుగడుగులు. కానీ నేను మా ఇంటి పిల్లను. నల్లా నీళ్ళు ఎట్లా తాగుతాను? తాత బస్సు వివరం కనుక్కోవడానికి పోయినప్పుడు చెంబు తెరిచి ఒక గుక్క తాగాను. తిరిగి వచ్చేలోపు ఇంకొకటి. తరువాత స్తంభం వెనక నిలబడి ఇంకొన్ని. నియమం తప్పకూడదని ప్రతి గుక్కకూ అనుకున్నాను. అట్లా నియమం తప్పకుండా మా తాత నీళ్ళన్నీ తాగేశాను.

రెండో బస్సు దామరచర్ల దాటిన తరువాత మమ్మల్ని ఒక మట్టిబాట మొదట్లో దింపింది. పెళ్ళివారి బండి రావాలి. రాలేదు. అరగంట చూసి తాత నడుద్దామన్నాడు. మూడు మైళ్ళు. మధ్యాహ్నం ఒంటిగంట. గొడుగు తెరిచి నేను పట్టుకున్నాను. సొంత గొడుగు సొంత చేత్తో పట్టుకోవడం ఆయనకు చేతకాదు. నేనేమో ఆయన నడుము దాటి కొంచెం ఉంటాను. చేయి ఎంత పైకెత్తినా గొడుగు ఆయన చంక దాకా వచ్చేది, నీడ బూట్ల మీద పడేది. అట్లా బూట్లను ఎండ నుంచి కాపాడుకుంటూ ఒక మైలు నడిచాం. చేలు ఎండిపోయి నెర్రెలు విచ్చి ఉన్నాయి. ఒక్క పక్షి కూత లేదు. చెంబు సంచిలో ఊగుతుంటే చప్పుడు లేకపోవడం నాకు పెద్ద చప్పుడులా వినిపించింది.

ముందు ఆయన చెమట ఆగిపోయింది. అది మంచిదనుకున్నాను. తరువాత పెదవులు తెల్లబడ్డాయి. తరువాత ఆయన బాట వదిలి తిన్నగా చేనులోకి నడవసాగాడు. చేయి పట్టుకుని లాగితే నిప్పులా కాలింది. ఒక తుమ్మచెట్టు ఉంటే దాని కిందికి తీసుకుపోయాను. నేల మీద కూర్చోవడం నేనెన్నడూ చూడని మనిషి ఆ మట్టిలో కూర్చుని, నా వైపు చూడకుండా చేయి చాపాడు.

"నీళ్ళు" అన్నాడు.

నాయనమ్మ అడగడని చెప్పిన మనిషి అడిగాడు. మూత బిగుసుకుంది తాతా, రాయి మీద కొట్టి తెస్తానన్నాను. నా జీవితంలో చెప్పిన అబద్ధాల్లో దానికి మించినది లేదు. చెంబు పట్టుకుని చేనుకు అడ్డంగా పరుగెత్తాను. అవతల ఒక తండా కనిపిస్తోంది, పది పన్నెండు గుడిసెలు. మొదటి గుడిసె ముందర పందిరి కింద నీళ్ళ కుండలు, వాటి పక్కన భుజాల దాకా తెల్లగాజులు, అద్దాల పావడా వేసుకున్న ఒక నడివయసు లంబాడీ ఆమె జొన్నలు చెరుగుతోంది. పేరు మంగ్లి అని తరువాత తెలిసింది. పోయి ఆమె ముందు నిలబడ్డాను. నీళ్ళు ఎట్లా అడగాలో నాకు ఎవరూ నేర్పలేదు. మా ఇంట్లో అడగాల్సిన అవసరం రాలేదు, బయట అడగకూడదు. చివరికి చెంబు ముందుకు చాపి, ఖాళీ అయిందని చెప్పాను.

ఆమె నా బట్టల వైపు, చెంబు వైపు చూసింది. ఆ చుట్టుపక్కల ఇళ్ళకు చుట్టాలుగా వచ్చేవాళ్ళు ఎవరో, ఎట్లాంటివాళ్ళో ఆమెకు తెలుసు.

"మీరు మా ఇంట్ల నీళ్ళు తాగుతరా, చిన్నదొరసానీ?"

"తాగం" అన్నాను.

"మరి ఇదెందుకు?"

"తాతకు."

చెరగడం ఆపింది. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు. తాత ఏడున్నాడని అడిగి, నేను చూపించిన వైపు నుదుటికి చేయి అడ్డం పెట్టుకుని చూసింది. లోపలికి చూసి వాళ్ళ భాషలో ఏదో అంది. పాణి అన్న మాట ఒక్కటే నాకు అర్థమైంది. చెంబు నింపి, దాన్లో ఉప్పు వేసింది, ఒక బెల్లం ముక్క నలిపి వేసింది, తన వేలితోనే కలిపింది. ఆ వేలి వైపు చూడకుండా ఉండటానికి నేను చాలా ప్రయత్నించాను. "ఒక్కసారే తాపకు, జర జర తాపియ్యి" అని చెప్పి, ఒక కుండ ఎత్తుకుని నా వెంట వచ్చింది. చేను సగం దాకా వచ్చి ఆగిపోయింది. కుండ అక్కడ దించి, నెత్తి మీద పొయ్యమని సైగ చేసి, వెనక్కి తిరిగి నిలబడింది. దొర తనను చూడాల్సిన పని లేకుండా చేసింది. మా ఇంటిని మా కంటే ఆమె బాగా అర్థం చేసుకుంది.

తాత కళ్ళు మూసుకుని కొంచెం కొంచెంగా చెంబెడూ తాగాడు. తలపాగా తీసి నెత్తి మీద కుండ నీళ్ళు పోస్తే వద్దనలేదు. షేర్వానీ మీది గుండీలు నేను విప్పితే వద్దనలేదు. లోపలి ఉల్లిగడ్డ నలిగిపోయి, అత్తరుతో కలిసి ఆ చెట్టు కిందంతా ఒక వింత వాసన. చాలాసేపటికి చేతులు చల్లబడ్డాయి. కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టాడు. ఉప్పూ బెల్లమూ కలిసిన ఆ నీళ్ళ చివరి గుక్క నోట్లో ఉంచుకుని, కొంచెం ఆలోచించి మింగాడు.

"మన బాయి నీళ్ళ రుచి ఏడికి పోతది" అన్నాడు.

 ఆయనకు ఒళ్ళు తెలియడం లేదనుకున్నాను. ఎండ వాలాక మెల్లగా నడిచి పెళ్ళికి చేరాం. ఆయన మెడ వరకు గుండీలు పెట్టుకుని పందిట్లో కూర్చున్నాడు. బండి పంపనందుకు వాళ్ళు నొచ్చుకుంటే, నడక ఆరోగ్యానికి మంచిదని చెప్పాడు. ఆ రాత్రీ మర్నాడూ మజ్జిగ తాగాడు.

మర్నాడు సాయంత్రం బండిలో తిరుగు ప్రయాణం. తుమ్మచెట్టు దగ్గరికి రాగానే తాత బండి ఆపించాడు. దిగి, చెట్టు కింద గొంగడి పరిపించుకుని, తండా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. నా సంచి దగ్గరికి లాక్కుని, దాన్లోంచి చెంబు తీసి నాకిచ్చాడు.

"నీళ్ళు అయిపోయినయి. పోయి నింపుకరా."

 ఏడ నింపాలి తాతా అన్నాను.

"మన బాయిలనే."

"మన బాయి ఈడ లేదు గద."

ఆయన ఎదురుగా ఉన్న ఖాళీ చేను వైపు చూస్తున్నాడు. నా వైపు తిరగలేదు.

"నిన్న ఉండె" అన్నాడు.

మంగ్లి ఈసారి ఏమీ అడగలేదు. నేను దూరం నుంచి వస్తుండగానే ఉప్పు చేత్తో పట్టుకుని నిలబడింది.

ఇంటికి చేరాక నాయనమ్మ ముందు తాతను కాళ్ళ నుంచి తల దాకా చూసింది, తరువాత నా దగ్గర నుంచి చెంబు తీసుకుంది. రెండు రోజులు ఊరు తిరిగి వచ్చిన చెంబు సగానికి పైగా నిండి ఉంది. దాన్ని ఒకసారి ఊపి చూసింది. మూత తిప్పి తెరిచి, ఒక గుక్క నోట్లో పోసుకుంది. ఉప్పు తెలిసింది. ఈ ఇంటికి కోడలుగా వచ్చాక మా బావి నీళ్ళు తప్ప మరో నీళ్ళు ఎరగని మనిషి. ఉమ్మేస్తుందని చూస్తున్నాను. మింగింది. లోపలి గదిలోంచి తాత దగ్గాడు. ఆ వేసవిలో తరువాతి పెళ్ళికి బయలుదేరినప్పుడు నా సంచిలో చెంబుతో పాటు చిన్న గుడ్డ మూట పెట్టింది. విప్పి చూస్తే ఉప్పు, బెల్లం.  తాత ఆ తరువాత ఎనిమిది వేసవులు అన్ని పెళ్ళిళ్ళకూ పోయాడు. పోయింది వానాకాలంలో, ఎండకు సంబంధం లేని జబ్బుతో.

నేను మాత్రం ఆ నియమాన్ని ఇప్పటిదాకా పాటించాను. ముప్పై ఏళ్ళు బళ్ళలో పనిచేశాను. చెంబు నా బల్ల మీద ఉండేది, బావి పూడాక దాన్లో మా ఇంట్లో కాచిన నీళ్ళు. తోటి టీచర్లు పెద్దదొరసాని చెంబు అని నవ్వుకునేవాళ్ళు, నాకు వినపడేలాగానే. నీళ్ళకు ఖాన్‌దాన్ లేదని పదేళ్ళకే తెలిసినదాన్ని ఎందుకు పాటించానంటే, చెప్పడం కష్టం. నేను కాపాడింది బావిని కాదు. మనవరాలు ఎక్కడ పడితే అక్కడ నీళ్ళు తాగితే, తాత తండా వైపు వీపు పెట్టి ఎందుకు కూర్చున్నాడో నాకు తెలుసని ఆయనకు చెప్పినట్టవుతుందేమో అనిపించేది. ఆయన పోయాక కూడా అనిపించేది. మా ఇంట్లో మర్యాద అంటే అదే: చూసినదాన్ని చూడనట్టు ఉండటం.

ఈ వేసవిలో మిర్యాలగూడ పెళ్ళి ఒక ఫంక్షన్ హాలులో జరిగింది. లోపల చలికి ఆడవాళ్ళు కొంగులు కప్పుకున్నారు. నేను మరచెంబు ఒడిలో పెట్టుకుని, ఎవరైనా ఏమైనా అంటారని వీపు నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. చూస్తే ప్రతి మనిషి ఒడిలో సొంత సీసా ఉంది. స్టీలువి, రంగురంగులవి, పిల్లల మెడల్లో వేలాడేవి. పెళ్ళివారు భోజనాల బల్లల మీద పెట్టిన గ్లాసుల్లో నీళ్ళు ఎవరూ ముట్టలేదు. నా పక్కన కూర్చున్న అమ్మాయి, ఏదో ఊరి నుంచి వచ్చిన గొర్లకాపరుల ఇంటి కోడలట, బాబుకు గ్లాసు అందకుండా పక్కకు జరుపుతూ, "మేము బయటి నీళ్ళు తాగం ఆంటీ, కడుపు ఖరాబైతది" అంది. సరిగ్గా మా తాత గొంతు. ఒక్కటే తేడా, ఆ అమ్మాయి దాన్ని ఆరోగ్యం అంటోంది. గత్తర భయంతో మొదలైన మా ఇంటి నియమం మాకు గొప్పతనం అయి, మా చేతుల్లోంచి జారి, అందరికీ మళ్ళీ భయం అయి కూర్చుంది. మా భూములు పంచినప్పుడు కూడా ఇంత సమానంగా పంచలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కారు నడిపే యాదగిరిని దామరచర్ల వైపు తిప్పమన్నాను. డాక్టరు చెప్పిన వేళ దాటిపోయిందని అతను గుర్తు చేశాడు. తిప్పమన్నాను. ఆ మట్టిబాట ఇప్పుడు తారు రోడ్డు. కరెంటు ప్లాంటు లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. తుమ్మచెట్టు లేదు. గుడిసెలు లేవు, స్లాబు ఇళ్ళు. మొదటి ఇంటి ముందు చెంబుతో కారు దిగి, మంగ్లి ఇల్లు ఏదని అడిగాను. స్కూటీ తుడుస్తున్న ఇరవై రెండేళ్ళ అమ్మాయి, మా ముత్తవ్వనా, పోయి శాన ఏండ్లాయె అంది. ఎందుకని అడగకుండా కుర్చీ తెచ్చి నీడలో వేసింది. ఎండలో వచ్చిన ముసలిదాన్ని చూసి లోపలికి పోయి ఫ్రిజ్‌లోంచి ఒక సీసా తెచ్చింది.

"సీల్ తియ్యలే ఆంటీ. మీరు తాగొచ్చు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. మాలాంటివాళ్ళు వస్తే ఇట్లా ఇవ్వాలని ఆ పిల్లకు తెలుసు, అంతే. సీసా మూత చుట్టూ ఉన్న ఆ ప్లాస్టిక్ పట్టీని చూశాను. మా మరచెంబు మూత కంటే గట్టిగానే ఉంది. కుర్చీ తండా వైపు వీపు పెట్టి ఉంది. లేచి, దాన్ని ఇంటి వైపు తిప్పుకుని కూర్చున్నాను. సీసా వద్దని చెప్పి, వసారాలో తడిగుడ్డ చుట్టిన రంజన్ వైపు చూపించాను.

"అవి మేం తాగేటివి ఆంటీ. తాగుతరా మీరు?"

"తాగుత" అన్నాను.

ఆ అమ్మాయి యాదగిరి వైపు, కారు వైపు చూసి, ఎవరికి అని అడగబోతున్నట్టు నా చేతిలోని చెంబు వైపు చేయి చాపింది. చెంబు కుర్చీ కింద పెట్టాను.

"నాకే" అన్నాను. "గ్లాసుల పొయ్యి."

పోసింది. నిటారుగా కూర్చుని, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, అడుగు దాకా తాగాను. ఉప్పు తక్కువ. మిగతాదంతా మా బావి నీళ్ళే.